రెండుసార్లు విప్పే పెట్టె

కువైట్‌లోని తెలుగువాళ్ళకి సోషల్ మీడియా కన్సల్టెంటు అనేవాడొకడు ఉంటాడని మొదట చూపించింది నేనే. నేను పెట్టిన పోస్టుల దెబ్బకి ఒక శుక్రవారం దజీజ్‌లో రోడ్డు ఆగిపోయింది. కార్లు హారన్లు కొడుతూ నిలబడిపోయాయి. పోలీసు బండి వచ్చింది. కార్గో ఆఫీసు ముందు మనవాళ్ళు మూడు వందల మంది, అందరి చేతుల్లోనూ ఫోన్లు, అందరి ఫోన్లలోనూ నా వీడియోలు. మా పోస్టు లక్షమంది చూశారని ఈ రోజుల్లో కుర్రాళ్ళు చెప్పుకుంటారు. చూసినవాళ్ళు లేచి, చొక్కా మార్చుకుని, టాక్సీ ఎక్కి వచ్చేలా చేసినవాడెవడైనా ఉంటే నాకు చూపించమనండి.

ఈ మాట నేను ఎన్ని పెళ్ళి భోజనాల దగ్గర చెప్పానో నాకే గుర్తులేదు. నోటితో చెప్పేటప్పుడు పర్వాలేదు కానీ కాగితానికి కొంచెం భయపడాలి. అందుకని మొదటి నుంచీ చెప్తాను. ఎక్కడ పెంచానో అక్కడ ఒప్పుకుంటూ పోతాను. అన్నీ ఒప్పుకుంటానని మాత్రం ఆశ పెట్టుకోకండి.

అల్ రాయ్‌లో కార్ల స్పేర్ పార్టుల గోడౌనులో ఇరవై రెండేళ్ళు స్టోర్ కీపరుగా చేశాను. ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. కళ్ళు మూసుకుని చెప్పింది ఒక్కసారే, అదీ తప్పు చెప్పాను. సరే. పెద్ద తెర ఫోన్లు డ్రైవర్ల దగ్గరికీ వంటవాళ్ళ దగ్గరికీ కూడా వచ్చేసిన రోజుల్లో కంపెనీ ఆ గోడౌను మూసేసింది. రిలీజ్ ఇస్తాం, ఇంకో చోటు చూసుకోమన్నారు. నాకప్పటికి యాభై ఏడు. అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు ఇఖామాకి ఇంకా ఆరు నెలల గడువుంది. ఆలోగా వీసాకి పూచీపడే కఫీల్ ఎవరి కిందైనా చేరితే ఉంటాను, లేకపోతే కోనసీమకి వెళ్ళిపోతాను. మా ఆవిడ మాత్రం ఉండిపోతుంది. ఆవిడ ఒక నర్సరీ బడిలో ఆయా. ఆవిడ వీసా ఆ బడి మీద ఉంది.

పెళ్ళాం కువైట్‌లో, మొగుడు ఊళ్ళో. మా వైపు ఇది వింతేమీ కాదు. అలాంటి మొగుళ్ళు సెంటర్లోకి వచ్చి టీ తాగి వెళ్ళిపోయాక వెనక ఏమనుకుంటారో నాకు బాగా తెలుసు. సెలవుల్లో వెళ్ళినప్పుడల్లా అనుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కొంచెం గట్టిగా నవ్విన బాపతు. అందుకే నేను ఎలాగైనా ఉండిపోవాలనుకున్నాను.

కన్సల్టెంటు అవ్వాలన్న ఆలోచన నాకు తెలివి వల్ల రాలేదు, కుళ్ళు వల్ల వచ్చింది. మా గోడౌనులో బిల్లులు రాసే మలయాళీ ఒకడుండేవాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న. గోడౌను మూసిన నెలలోపే వాడు హోటళ్ళకీ బ్యూటీ పార్లర్లకీ ఇంటర్నెట్లో పేజీలు నడపడం మొదలుపెట్టాడు. బిర్యానీ ఫోటో తీస్తాడు, కింద రెండు ముక్కలు రాస్తాడు, ఆ బిర్యానీ తినేస్తాడు. అదీ వాడి ఉద్యోగం. ఒకరోజు ఫర్వానియాలో ఎదురుపడి నవ్వుతూ కార్డు చేతిలో పెట్టాడు. సోషల్ మీడియా కన్సల్టెంట్ అట. నా ముందు చేతులు కట్టుకుని నిలబడి గోడౌను చీటీ మీద సంతకం పెట్టించుకున్నవాడు! ఆ పూట నాకు అన్నం సయించలేదు. మర్నాడే నేనూ కార్డులు కొట్టించాను. వాడిది తెల్ల కార్డు, నాది బంగారు అంచు కార్డు. వాడు కన్సల్టెంటు అయితే నేను సీనియర్ కన్సల్టెంటు.

మా ఆవిడ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, ఇందులో మీ పేరెక్కడా? ఉద్యోగం మాత్రం ఇంత లావున ఉంది."

"దాన్ని బ్రాండింగ్ అంటారు."

"సీనియర్ అంటే ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నట్టండీ?"

"నిన్నటి నుంచి."

"ఆహా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఒక్క 'ఆహా' నన్ను రెండు రోజులు వెంటాడింది.

కార్డు మీద ఫ్రీలాన్స్ అని కూడా వేయించాను. కువైట్‌లో ఏ పని చేసినా ఎవరో ఒక కఫీల్ కాగితం కిందే చెయ్యాలని నాకు తెలియక కాదు. మాట బాగుందని.

కార్డులు జేబులో వేసుకుని మనవాళ్ళ వ్యాపారాల మీద పడ్డాను. మొదట ఫర్వానియాలో మా గోదావరి వైపు ఆవిడ నడిపే మెస్సుకి వెళ్ళాను. మెస్సంటే బోర్డున్న హోటలనుకోకండి. మూడో అంతస్తులో ఫ్లాటు, హాల్లో చాపలు, వంటింట్లో నాలుగు పెద్ద గిన్నెలు. ఆవిడ చేపల పులుసు తిన్నవాడు రెండో చోటికి వెళ్ళడు. "అమ్మా, నీ పులుసు ఫోటో తీసి కువైటంతా చూపిస్తాను. ఫ్లాటు నంబరుతో సహా పెడతాను," అన్నాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. "బాబాయ్ గారూ, మీకు దణ్ణమండి. పదిమందికి తెలిస్తే ఇది భోజనమండి. పదకొండో వాడికి తెలిస్తే బలదియా వస్తాదండి. పులుసు తినేసి వెళ్ళిపోండి."

మునిసిపాలిటీని మేం బలదియా అంటాం. దానికి తెలియకుండా బతకడమే మనవాళ్ళ వ్యాపారాల్లో సగం పనితనం. ఇంట్లో జాకెట్లు కుట్టే ఆవిడ, గదిలో క్షవరం చేసే ఆయన, కారు డిక్కీలో పచ్చళ్ళు అమ్మే ఆయన, అందరిదీ అదే మాట. ప్రచారం చేస్తానని వెళ్ళినవాణ్ణి చూసి జనం తలుపులు వేసుకోవడం ఆ వృత్తిలో ఇంకెవరికీ జరిగి ఉండదు. నెలన్నర గడిచిపోయింది. ఆ మలయాళీ ఈలోగా ఒక పాత కారు కొన్నాడు. దాని రంగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

చివరికి దజీజ్‌లో ఒక కార్గో ఆఫీసు దొరికింది. ఓనరుది మా పక్క ఊరే, నలభై ఏళ్ళవాడు. లైసెన్సుంది, వీధంత బోర్డుంది. మనవాళ్ళు ఇళ్ళకి పంపే అట్టపెట్టెల్ని ఓడలో వేసి, అక్కడ వ్యానులో గుమ్మం దాకా చేర్చడం ఇతని పని. కోనసీమకీ పంపుతాడు, కడప వైపుకీ పంపుతాడు. నా కార్డు చూసి గౌరవంగానే మాట్లాడాడు.

"బాబాయ్ గారూ, మూడు నెలలు చూద్దామండి. పెట్టెలు పెరిగితే మీ ఇఖామా మా కఫీల్‌తో మాట్లాడి ఈ ఆఫీసు మీదకి మార్పించేస్తాను. పెరగలేదనుకోండి, మీకూ మాకూ ఏ గొడవా లేదు, ఖలాస్."

అంటే మూడు నెలలు. ఆ పైన నా ఇఖామాకి మిగిలేది కొద్ది రోజులే.

పేజీ మొదలుపెట్టాను. మేఘాల మీద విమానం బొమ్మ, నీలం సముద్రంలో ఓడ బొమ్మ, కింద ఇంగ్లీషులో మీ నమ్మకానికి మా భరోసా అనే అర్థం వచ్చే మాటలు. రోజుకొకటి. ఒక్కోదానికి పదకొండు లైకులు వచ్చేవి. ఆ పదకొండులో ఒకటి నాది. ఒకటి నేనే పెట్టుకున్న రెండో అకౌంటుది. ఒకటి మా ఆవిడది. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఫోను తీసుకుని నేనే నొక్కేవాణ్ణి. మిగతా ఎనిమిదీ ఎవరివో కనుక్కోవడానికి ధైర్యం చాల్లేదు.

పదో రోజు ఓనరు నన్ను పిలిచి తన ఫోనులో ఒక వాయిస్ మెసేజ్ వినిపించాడు. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట చేసే ఆవిడదట. రాయచోటి మనిషి, ముస్లిం, నలభై అయిదేళ్ళుంటాయి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ గ్రూపులన్నింట్లోనూ ఆవిడ గొంతు తిరుగుతుందట.

"అస్సలామలేకుం అక్కా, నమస్తే అక్కా, అందరూ బాగుండారా? మిష్రిఫ్ నుంచి మాట్లాడతాండా. ఇనుకోండి. ఓడ లేటుగా ఉండాది. పెట్టె పోయిందని ఎవరూ ఏడ్చొద్దండి, పదైదు దినాలు అటూ ఇటూ అయితాది. సబ్బులూ పాలపొడీ ఒక్క పెట్టెలో ఏయొద్దండి తల్లీ. పోయినతూరి మా అక్క పాయసం చేస్తే సబ్బు వాసనొచ్చె. పిలకాయలు నురగ వస్తాదేమోనని సూసిరి. మూలల్లో పాత గుడ్డలు కుక్కండి. సరేనా? మామా పిలస్తాండాది. యల్లా, పోతాండా."

అంతే. బొమ్మ లేదు, రంగు లేదు, మ్యూజిక్ లేదు. వెనకాల కుక్కరు విజిలూ, వీళ్ళు మామా అని పిలిచే ఇంటి యజమానురాలి కేకా ఉన్నాయి.

"ఈ అక్క ఒక్క మాట చెప్తే ఆ వారం ఆడోళ్ళందరూ మన దగ్గరికే వస్తారండి," అన్నాడు ఓనరు. "ఒక్క రూపాయి అడగదండి. మీరు కూడా కొంచెం ఆ టైపులో..."

ఆ టైపులో! నేను సీనియర్ కన్సల్టెంటుని!

ఆ క్షణం నుంచి నాకు ఆవిడంటే పడలేదు. మొహం చూడకుండానే పడలేదు. ఇంటికి వెళ్ళి, తలుపు వేసుకుని, నేనూ ఒక వాయిస్ రికార్డు చేశాను. "ప్రియమైన సోదరీసోదరులారా" అని మొదలుపెట్టి ఏడు నిమిషాలు మాట్లాడాను. మా ఆవిడ తలుపు బయట నిలబడి విన్నట్టుంది.

"రేడియోలో ఎరువుల గురించి చెప్తున్నట్టుందండి," అంది.

అది పంపలేదు.

తర్వాత శుక్రవారం ఆవిడ ఆఫీసుకి వచ్చింది. రెండు వారాలకొకసారి సెలవిస్తారట. నల్ల బురఖా, చేతిలో ప్లాస్టిక్ సంచి, కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు. గుమ్మంలో అడుగు పెట్టగానే అక్కడున్న ఆడవాళ్ళందరూ లేచారు. ఒకామె టేపు ఎలా అంటించాలో అడుగుతోంది, ఇంకొకామె వాళ్ళ మామా జీతం సరిగ్గా ఇవ్వట్లేదని చెబుతోంది. ఆవిడ అన్నిటికీ "ఉండు తల్లీ, చెప్తా" అంటోంది. నేను నా కుర్చీలో లాప్‌టాపు ముందు కూర్చుని ఎవరూ అడగని ఓడ బొమ్మకి రంగు దిద్దుతున్నాను. ఆవిడే నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, నీ పేజీ సూసినా. ఓడ శానా బాగుండాది. మన పెట్టెలు దాంట్లోనే పోతాయా?"

"కాదమ్మా, అది ఉత్త బొమ్మ."

"అట్లనా. మరి మన ఓడ ఫోటో లేదా?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. ఎగతాళికి అని ఉంటే నాలుగు అని ఊరుకునేవాణ్ణి. నిజంగా అడిగింది కాబట్టి నాలుగు రోజులు మండింది. వెళుతూ వెళుతూ సంచిలోంచి ఒక డబ్బా తీసి, "వదినకు ఇయ్యన్నా, కీమా సమోసాలు," అని పెట్టి వెళ్ళింది. సమోసాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. అది ఇంకో మంట. మా ఆవిడ ఆ వంటావిడ నంబరు తీసుకుని ఎలా చేశావమ్మా అని అడిగింది. నా ఇంట్లో కూడా ఆవిడ గొంతు మొదలైంది.

పెట్టెలు పెరుగుతున్నాయి, కాదనను. కానీ వచ్చిన ప్రతివాళ్ళనీ "మా పేజీ చూసి వచ్చారా?" అని నేను అడిగితే, "పేజీ ఏందన్నా? అక్క చెప్పింది," అనేవారు. ఓనరు ఎదురుగానే అనేవారు. పెరిగిన పెట్టెలు నా ఇఖామా వైపు పడుతున్నాయో ఆవిడ వైపు పడుతున్నాయో తెలియని స్థితి వచ్చింది. ఆవిడకి ఈ ఉద్యోగం అక్కర్లేదు. ఆవిడకి మిష్రిఫ్‌లో వంట ఉంది, కఫీల్ ఉన్నాడు. నాకు అక్కర్లేనిదేదో ఆవిడ దగ్గర ఉంటే నాకు కుళ్ళు ఉండేది కాదు. నాకు కావలసింది ఆవిడ దగ్గర ఊరికే పడి ఉంది.

అప్పుడు నాకు ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది.

పెట్టె ఇక్కడ కట్టేటప్పుడు అందరూ చూస్తారు. అక్కడ విప్పేటప్పుడు కట్టినవాడు చూడలేడు. ఆ విప్పడాన్ని వీడియో తీయించి పేజీలో పెడితే? ఓనరుకి చెప్పాను, ఎగిరి గంతేశాడు. అక్కడి వ్యాన్ల వాళ్ళకి ఫోన్లు చేశాను. ఇక్కడ ఒక ఒప్పుకోలు ఉంది. వాళ్ళు అడిగారు, ఇళ్ళల్లో ఆడవాళ్ళు వీడియోకి ఒప్పుకుంటారా అని. నేనే చెప్పాను: "డెలివరీ అయినట్టు ఆఫీసుకి రుజువు కావాలి, రూలు అని చెప్పండి." ఇంకోటి కూడా నేనే చెప్పాను. మనవాళ్ళు పెట్టెలో ఒక్కో పొట్లం మీద ఎవరికో మార్కరుతో రాస్తారు. పెద్దక్కకి, మేనత్తకి, చిన్నమామయ్యకి అని. "ఆ పేర్లు బాగా కనబడేలా దగ్గరగా తియ్యండి. సెంటిమెంటు పండుతుంది," అన్నాను.

మొదటి వీడియో ఒక ముసలాయనది. అరుగు మీద పెట్టె, కొడవలితో టేపు కోశాడు. పైన టార్చిలైటు, కింద దుప్పటి, అడుగున ఖర్జూరాలు. దుప్పటి తీసి మొహానికి ఆనించుకుని వాసన చూశాడు. అంతే వీడియో. ఎన్ని వేలమంది చూశారో చెప్పను, చెప్తే పెంచానంటారు. క్యాంపుల్లో, వంటిళ్ళల్లో, ట్రక్కుల్లో, ఎక్కడ చూసినా అదే. ఆ మలయాళీ కూడా ఫోన్ చేసి, "చేట్టా, ఐడియా సూపర్," అన్నాడు. ఆ ఫోను పెట్టేశాక కాసేపు ఊరికే కూర్చుని సుఖపడ్డాను.

ఆ వారంలో ఇంకో పన్నెండు పెట్టాను. శుక్రవారం వంటావిడ రాగానే పిలిచి కుర్చీ వేసి మరీ చూపించాను. ఆవిడ మొదటిది చూసి కళ్ళు తుడుచుకుంది. రెండోది, మూడోది చూసింది. నాలుగోదానికి మొహం మారింది.

"అన్నా, ఈళ్ళు తలుపు ఏసుకోలేదా?"

"ఎందుకేసుకుంటారమ్మా? పండగలా ఉంటే!"

"అది కాదన్నా..." అని ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. మొహం అలా మాడిపోయిందంటే అది కుళ్ళే అనుకున్నాను. నా కడుపు చల్లబడింది. ఇన్నాళ్ళు నేను పడ్డది ఆవిడ ఒక్క పూట పడితే ఏం పోయింది అనుకున్నాను.

ఆ సంగతి ఇంట్లో గొప్పగా చెప్పాను. మా ఆవిడ ఆ వీడియోలు అప్పుడే మొదటిసారి చూసింది. చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇవి పైకి పెట్టేసేరా? పేర్లతోనే?"

"పెట్టేశాను. ఏమైంది?"

"పెట్టె రెండుసార్లు విప్పుతారని తెలీదా అండీ మీకు?"

తెలియదు. ఇరవై రెండేళ్ళు పెట్టెలు కట్టినవాణ్ణే కానీ, విప్పే చోట ఎప్పుడూ లేను. అప్పుడు ఆవిడ చెప్పింది. గల్ఫ్ పెట్టె ఇంటికి రాగానే మొదట తలుపు వేసుకుని ఇంటి ఆడమనిషి ఒక్కతే విప్పుతుంది. కొన్ని బీరువాలోకి, కొన్ని బియ్యం డ్రమ్ములోకి పోతాయి. కొన్ని పొట్లాల మీద పేర్లు మారతాయి. ఒకరికి రెండు, ఒకరికి ఒకటి వస్తే రెండోది మాయమవుతుంది. అన్నీ సమానం చేశాక టేపు మళ్ళీ అంటించి, ఆడపడుచుల్నీ తోడికోడళ్ళనీ పిలిచి, అప్పుడే వచ్చినట్టు రెండోసారి విప్పుతుంది. లోకానికి చూపించేది రెండోదే. మా ఆవిడ కువైట్ రాకముందు పదేళ్ళు నా పెట్టెల్ని అలాగే విప్పిందట.

"అయితే మా అక్కకి పంపిన ఆ గులాబీ రంగు దుప్పటి?"

"మీ అక్కకి రెండు పంపేరు, మా చెల్లికి ఒకటీ పంపలేదు. సర్దేను."

దాని మీద అప్పుడు పోట్లాడే తీరిక లేకపోయింది. నేను రుజువు, రూలు అని వ్యాన్ల వాళ్ళ చేత చెప్పించి, పదమూడు ఇళ్ళల్లో మొదటి విప్పడం వీడియో తీయించి, లోకం మీద వదిలాను.

ఆ పై శుక్రవారమే దజీజ్‌లో రోడ్డు ఆగిన శుక్రవారం. ఇక్కడ మొదట చెప్పినదాంట్లో కొంత కోసెయ్యాలి. వచ్చినవాళ్ళు మూడు వందలు కాదు, నలభై లోపే. రోడ్డు ఆగింది నీళ్ళ ట్యాంకరు ఒకటి వెనక్కి తిప్పబోయి అడ్డంగా ఇరుక్కోవడం వల్ల. పోలీసు బండి దాని కోసం వచ్చింది. చేతుల్లో ఫోన్లూ, ఫోన్లలో నా వీడియోలూ మాత్రం నిజం. వాళ్ళు వచ్చింది నన్ను కొట్టడానికి.

మా కోనసీమ తాపీ మేస్త్రి ముందున్నాడు. "బాబాయ్ గారూ, మీకు నేనేం అపకారం చేసేనండి? పెద్దక్కకి మిక్సీ, చిన్నక్కకి తువ్వాలూ అని ఊరందరికీ చూపించేరు కదండీ! నా కూతురి పెళ్ళికి రానంటందండి చిన్నక్క!"

రాయచోటి డ్రైవరొకడు వాణ్ణి తోసుకుని ముందుకొచ్చాడు. "నీది తువ్వాలే కదబ్బా! నాకు జీతం రాలేదు, ఈ ఏడు ఏమీ పంపలేదని మా అత్తగారోళ్ళకు చెప్పిన్యా. నీ వీడియోలో మా అమ్మ టీవీ ఇప్పతాంది! నేను యా మొగం పెట్టుకుని ఆ ఇంటికి పోవాల, పెద్దాయనా?"

వెనక నుంచి ఒకామె, "అత్తకి సెంటు బాటిలని రాశాను, మా అత్తగారు ఎప్పుడో పోయారు, నాకు మేనత్తలు లేరు, ఇప్పుడా అత్త ఎవరని అడుగుతున్నారు," అంది. దానికి మాత్రం ఆ కోపంలోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు.

వీడియోలు తీసేశానని చెప్పాను. తీసేస్తే ఏం లాభం, అప్పటికే గ్రూపుల్లోకి వెళ్ళిపోయాయి. కొందరు కట్టి పెట్టిన పెట్టెల్ని వెనక్కి తీసుకుని, పక్క కార్గోకి మోసుకుపోయారు. ఓనరు షట్టరు సగం దించి నా వైపు తిరిగాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"బాబాయ్ గారూ, ఈ జనం పై శుక్రవారానికి తిరిగొస్తే సరే. రాకపోతే ఇఖామా మాట మర్చిపోండి."

వారం గడువు. నేను లాప్‌టాపు మూసేసి, బొమ్మలేవీ ఎక్కించకుండా, కుర్చీలో కూర్చున్నాను. నాకు సెంటరూ, టీ గ్లాసులూ, నేను లేచి వెళ్ళాక నా వెనక వినబడే నవ్వూ కనబడుతున్నాయి.

అప్పుడు చేశాను, నా జీవితంలో నేను గర్వపడే పని ఒకటి. మర్నాడు మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని టాక్సీలో మిష్రిఫ్ వెళ్ళాను. ఆ విల్లా వెనక గేటు దగ్గర నిలబడి కబురు పంపాను. వంటావిడ చేతులకి పిండితోనే వచ్చింది. నా వయసూ, నా సీనియారిటీ అన్నీ పక్కన పెట్టి, "అమ్మా, నీ మీద కుళ్ళుతో ఈ పని చేశాను. క్షమించు," అన్నాను. ఆవిడ కరిగిపోయింది. అప్పుడు నేను ఉపాయం కూడా చెప్పాను. ఇక్కడ ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పెట్టె పంపుకోవడం మామూలే. కాబట్టి ఆ వీడియోల్లో కనబడినవన్నీ ఒక్కరివే కావని నువ్వు చెప్తే జనం నమ్ముతారు అన్నాను. అందులో అబద్ధం సగమే. ఆవిడ నా తెలివికి ఆశ్చర్యపోయి అక్కడికక్కడే వాయిస్ పెట్టింది.

"అక్కా, ఊర్లో ఉండే మనోళ్ళకు కూడా ఇది ఇనిపించండి. ఆ వీడియోల్లో మీరు సూసిండేదంతా ఒక్క మనిషిది కాదు. మేము ఈడ ముగ్గురం కలిసి ఒక పెట్టె పంపుతాం. ఒకామె పెట్టెలో ఇంకొకామె సామాన్లు వస్తాయి, మళ్ళీ వాళ్ళకు చేరతాయి. చిన్నక్కకని రాసుంటే మీ చిన్నక్కేనా? ఊరికి పదిమంది చిన్నక్కలు ఉండారు. టీవీ ఎవరిదో, తువ్వాలు ఎవరిదో. ఒక దుప్పటి కోసం రక్తసంబంధాలు తెంపుకుంటారా? మేము ఈడ ఒకరి గిన్నెలు తోమి పంపతాండాం తల్లీ. కొట్లాడుకోవాకండి. యల్లా."

ఆ సాయంత్రానికే ఆ వాయిస్ సముద్రం దాటింది. మేస్త్రి చిన్నక్క పెళ్ళికి వస్తానందట. డ్రైవరు అత్తగారు, ఆ టీవీ రూములో ఉండే ఇంకొకరిదట, పాపం మా అల్లుడికి జీతమే లేదు అని ఊళ్ళో తానే చెప్పుకుందట. శుక్రవారానికి పెట్టెలు తిరిగొచ్చాయి, వెనక్కి మోసుకుపోయినవాళ్ళు కూడా వచ్చారు. ఓనరు నన్ను లోపలికి పిలిచి, "పాస్‌పోర్టు కాపీ తెచ్చివ్వండి బాబాయ్ గారూ, ఇఖామా మార్పించేద్దాం," అన్నాడు. నా పనితనం ఆలస్యంగానైనా గుర్తించాడు. ఆ ఆఫీసు మీద ఇంకో నాలుగేళ్ళు చేశాను. ఆ నాలుగేళ్ళూ ఆవిడ గొంతుకి నేను ఓడ బొమ్మలు అతికించాను. లైకులు వచ్చేవి. అవి ఎవరికి వస్తున్నాయో నాకు తెలుసు కాబట్టి ఆ నాలుగేళ్ళూ కొంచెం కొంచెం మండుతూనే ఉన్నాను.

ఇంతవరకు రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. కూర తరుగుతూ వింది. సెంటరు గురించి నేను ఒప్పుకున్న చోట తలాడించింది. మిష్రిఫ్ దగ్గరికి వచ్చేసరికి కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"గేటు దగ్గరికి ఎవరెళ్ళేరండీ?"

"మనం వెళ్ళాం."

"మనం కాదు. మీరు టాక్సీ దిగలేదు. మీటరు తిరుగుతోంది, నువ్వెళ్ళు అన్నారు. పిండి చేతుల్తో ఆవిడ వచ్చింది నా దగ్గరికి. క్షమించమంది నేను. పెట్టె ముగ్గురిదని చెప్తానంది ఆవిడే, మీకు ఆ ఉపాయం ఎక్కడిది? అన్న యాడ అని అడిగితే టాక్సీలో ఉన్నారని చెప్పేను. సిగ్గుపడతాండాడేమో, ఉండనీలే వదినా అంది. అని, నా ఎదురుగానే ఓనరుకి ఫోన్ చేసి, ఆ పెద్దాయన ఇఖామా మారిస్తేనే వాయిస్ పెడతానంది. మీ పనితనం ఎవరూ గుర్తించలేదండి. మీకు ఆ ఉద్యోగం ఇప్పించింది ఆవిడ. చెప్తే దానికి కూడా కుళ్ళుకుంటారని ఇన్నాళ్ళూ చెప్పలేదు."